ముందు గంటలు చూడండి, తర్వాత రేటు

ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్లాలి, రెండు రోజులు ఉండాలి అనగానే మనలో చాలామంది ఫోన్ తీసి ఊరి పేరు కొడతారు. తక్కువ రేటు నుంచి ఎక్కువ రేటుకు వరస పెట్టుకుంటారు. పైనుంచి మూడోదో నాలుగోదో బుక్ చేసేస్తారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. రాజమండ్రి నుంచి ఆడిట్ పనుల మీద నెలకు ఒకసారైనా హైదరాబాద్ వచ్చిపోయేవాణ్ణి. తిరిగి వెళ్లాక చిట్టా పుస్తకంలో ఖర్చు రాసుకుంటే, చౌక అనుకున్న గది చౌకగా తేలిన సందర్భాలు తక్కువ. పెరిగిన డబ్బు ఎటు పోయిందా అని చూస్తే రెండే కారణాలు కనిపించేవి. తెల్లవారుజామున దిగి, గది ఇచ్చే వేళ కాక, పూట అద్దె అదనంగా కట్టడం ఒకటి. గది ఒక మూల, పని ఇంకో మూల అయ్యి ఆటోలకు పోయడం రెండోది.

అందుకే ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే రేటు గురించి చివర్లో చెబుతాను. ముందు నేనడిగేవి మూడు ప్రశ్నలు. ఏ గంటకు దిగుతున్నారు? తిరుగు బండి ఏ గంటకు? పని ఏ వీధిలో? ఈ మూడింటికీ జవాబులు కాగితం మీద పెట్టాకే గది వెతకడం మొదలుపెట్టాలి.

గంటల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు మిగిలేదీ పోయేదీ ఇక్కడే. మన ఊళ్లలో పాత లాడ్జీలు చాలావరకు 24 గంటల పద్ధతిలో నడుస్తాయి. మీరు ఎప్పుడు దిగితే అప్పటినుంచి మర్నాడు అదే గంట వరకు ఒక రోజు. ఫోన్ యాప్‌లలో ఎక్కువగా కనిపించే హోటళ్లది వేరే పద్ధతి. మధ్యాహ్నం 12కో 2కో గది ఇస్తారు, మర్నాడు 11కో 12కో ఖాళీ చేయమంటారు. మీరు ఉదయం 6 గంటలకు దిగారంటే అది వాళ్ల లెక్కలో నిన్నటి రోజు. గది ఖాళీగా ఉన్నా అదనం అడుగుతారు. కొందరు సగం అద్దె అంటారు, కొందరు పూర్తి రోజు కట్టమంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. మీరు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సోమవారం ఉదయాన్నే నాంపల్లిలో దిగారు. మంగళవారం సాయంత్రం తిరుగు బండి. మధ్యాహ్నం పద్ధతి హోటల్లో గది 1,000 రూపాయలనుకోండి. ఉదయమే గదిలోకి వెళ్లాలంటే పూర్తి రోజు అదనం అడిగే చోట రెండు రోజుల అద్దె, 2,000. దాని మీద 5 శాతం జీఎస్‌టీ కలిపి 2,100. పైగా మంగళవారం 12కల్లా సామాను భుజాన వేసుకుని బయటికి రావాలి.

24 గంటల లాడ్జిలో గది 1,200 అనుకోండి. సోమవారం ఉదయం 6కు దిగితే మంగళవారం ఉదయం 6కే రోజు పూర్తవుతుంది. ఆ తర్వాత ఉంటే ఇంకో రోజు. 2,400, పన్నుతో 2,520. అంటే పద్ధతి ఏదైనా, ఉదయమే గదిలోకి వెళ్తే రెండు రోజుల అద్దె పడింది. ఇప్పుడు అదే లాడ్జిలో గది సోమవారం సాయంత్రం నాలుగున్నరకు తీసుకుంటే? మంగళవారం సాయంత్రం నాలుగున్నర దాకా గది మీదే. పని చూసుకుని వచ్చి, స్నానం చేసి, బట్టలు సర్దుకుని నేరుగా స్టేషన్‌కు నడిచి వెళ్లొచ్చు. ఒక్క రోజు అద్దె, పన్నుతో 1,260. రేటు చూస్తే రెండు వందలు ఎక్కువున్న గది, చివరికి 840 రూపాయలు మిగిల్చింది.

మరి సోమవారం ఉదయం సంగతి? స్టేషన్‌లో వెయిటింగ్ హాల్ ఉంది. మొహం కడుక్కుని, బట్టలు మార్చుకోవచ్చు. సామాను క్లోక్ రూంలో పెట్టొచ్చు. టికెట్ చూపాలి, పెట్టెకు గాని సంచికి గాని తాళం ఉండాలి. తాళం లేని సామాను తీసుకోరు, కాబట్టి ఒక చిన్న తాళం బ్యాగులో ఎప్పుడూ ఉంచుకోండి. నేను చాలా ఏళ్లు ఇలాగే చేశాను.

అయితే ఇది అందరికీ చెప్పే సలహా కాదు. రాత్రంతా సైడ్ బెర్తు మీద కునుకు తీసి, అలాగే వెళ్లి పెద్ద అధికారి ముందు ఫైలు పట్టుకుని కూర్చుంటే మాట తడబడుతుంది. నాకు యాభై దాటాక ఒంటికి పడలేదు. ముఖ్యమైన మీటింగ్ ఉన్న రోజున ఈ పొదుపు వద్దు. అలాంటప్పుడు రైల్వే రిటైరింగ్ రూం మంచి దారి. ఐఆర్‌సీటీసీలో పీఎన్‌ఆర్ నంబరుతో బుక్ చేసుకోవాలి. టికెట్ కన్‌ఫర్మ్ అయ్యైనా ఉండాలి, ఆర్‌ఏసీ అయినా అయ్యుండాలి. 12 గంటలకు కూడా ఇస్తారు, అదే దాని గొప్ప. డార్మిటరీ మంచం ఉన్న స్టేషన్లలో ఇంకా తక్కువలో పోతుంది. ఉదయం వచ్చి రాత్రి బండికి వెళ్లిపోయేవాళ్లకు లాడ్జి ఎందుకు? అయితే రిటైరింగ్ రూంలు తక్కువ, త్వరగా నిండిపోతాయి. టికెట్ చేసుకున్న రోజే గదీ చూసుకోండి.

ఇంకో మార్గం, పగటి బండి. విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు 2023 జనవరి నుంచి వందే భారత్ నడుస్తోంది. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు. మధ్యాహ్నం గది ఇచ్చే హోటల్‌కు సరిగ్గా అతికినట్టు ఉంటుంది. టికెట్ ఖరీదెక్కువే. కానీ స్లీపర్ టికెట్‌కూ దీనికీ ఉన్న తేడాను, అదనంగా కట్టే పూట అద్దెతో పోల్చి చూడండి. కొన్నిసార్లు దాదాపు సమానంగా వస్తాయి. నిద్ర మాత్రం మీకు మిగులుతుంది.

ఇక చోటు. హైదరాబాద్‌కు నడిబొడ్డు అనేది ఒక్కటి కాదు. సచివాలయం, అసెంబ్లీ, సైఫాబాద్ చుట్టూ ఉన్న ఆఫీసులు, పబ్లిక్ సర్వీస్ కమిషన్, నిలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, వీటిలో పని ఉంటే లక్డీకాపూల్, నాంపల్లి, ఆబిడ్స్ చుట్టుపక్కల దిగాలి. హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాలు అయితే అఫ్జల్‌గంజ్, ఎంజీబీఎస్ వైపు. సౌత్ సెంట్రల్ రైల్వే ఆఫీసు పని ఉన్నా, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ బస్సుల్లో జేబీఎస్‌లో దిగినా సికింద్రాబాద్ మేలు. ఇక హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకి వచ్చి నాంపల్లిలో దిగితే సగం రోజు ప్రయాణంలోనే పోతుంది.

ఇక్కడ మెట్రో ఎంతో ఆదుకుంటుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే ఎర్ర లైను మీద అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్, ఎంజీబీఎస్ వరసగా ఉన్నాయి. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే నీలి లైను సికింద్రాబాద్‌ను హైటెక్ సిటీతో కలుపుతుంది. రెండూ అమీర్‌పేటలో కలుస్తాయి. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కు ఆకుపచ్చ లైను. ఎక్కడినుంచి ఎక్కడికైనా టికెట్ వంద రూపాయల లోపే. అదే దూరానికి, ఆఫీసు వేళల్లో, ఆటోవాళ్లు అడిగేది మీకు తెలియనిది కాదు. అందుకే నా నియమం ఒకటుంది: గది పని చోటికి నడక దూరంలో ఉండాలి, లేదంటే మెట్రో స్టేషన్‌కు నడక దూరంలో ఉండాలి. ఈ రెండూ కాని గది సగం రేటుకిచ్చినా వద్దు. 'స్టేషన్ దగ్గరే' అని యాప్‌లో రాస్తే నమ్మకండి. మ్యాప్ తెరిచి నడక దారి పెట్టి చూడండి. పట్టాలకు అవతలి పక్కన ఉంటే, కనిపించే దూరం ఒకటి, నడిచే దూరం ఒకటి.

పని రెండు మూడు చోట్ల ఉంటే అమీర్‌పేట బాగుంటుంది, రెండు లైన్లూ అక్కడే కాబట్టి. అమీర్‌పేట, ఎస్సార్ నగర్‌లలో కోచింగ్ పిల్లల కోసం పెట్టిన హాస్టళ్లు లెక్కలేనన్ని. వాటిలో కొన్ని రోజు లెక్కన మంచం ఇస్తాయి. ఒంటరిగా ఇంటర్వ్యూకి వచ్చే కుర్రవాళ్లకు, అమ్మాయిలకు లాడ్జి కంటే అవే నయమని నా అభిప్రాయం. నలుగురు చదువుకునేవాళ్లుంటారు, టిఫిన్ అక్కడే దొరుకుతుంది. తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. గుర్తింపు కార్డులో చిరునామా తెలంగాణది ఉండాలి. ఆంధ్ర నుంచి వచ్చేవాళ్లకు వర్తించదు.

టికెట్ మీద స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చదవండి. సికింద్రాబాద్ స్టేషన్‌ను తిరిగి కడుతున్నందున కొన్ని బండ్లను చర్లపల్లికి మార్చారు. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. అది ఊరి తూర్పు అంచున ఉంది, మెట్రో లేదు. సికింద్రాబాద్ అనుకుని స్టేషన్ ఎదురుగా గది మాట్లాడుకుని, చర్లపల్లిలో తెల్లవారుజామున దిగినవాళ్లు నాకు తెలుసు. క్యాబ్‌కు ఇచ్చిన డబ్బుతో గది రేటులో మిగుల్చుకున్నదంతా పోయింది.

రోజులు కూడా చూడాలి. జనవరి 1 నుంచి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్. ఫిబ్రవరి నడిమి దాకా అక్కడి లాడ్జీల్లో గదులు కష్టం, సాయంత్రం రోడ్డు దాటడమూ కష్టమే. జూన్‌లో మృగశిర కార్తె నాడు అదే గ్రౌండ్స్‌లో చేప మందు కోసం దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. వినాయక నిమజ్జనం రోజున మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్, లిబర్టీ, ట్యాంక్‌బండ్ దారులు మూసేస్తారు. ఆ రోజున లక్డీకాపూల్‌లో గది ఉన్నా ఆటో మీ దగ్గరికి రాదు. పెద్ద పరీక్షలున్న ఆదివారాలు, పెళ్లి ముహూర్తాలు దట్టంగా ఉన్న వారాలు కూడా అంతే. ఆఫీసు పనికి తేదీ మనమే చెప్పగలిగితే, ఈ రోజులు తప్పించి చెప్పడం మొదటి పొదుపు. పరీక్షకు వచ్చేవాళ్లు మాత్రం ఊరి నడిబొడ్డున కాదు, సెంటర్ పడిన చోటికి దగ్గర్లో ముందురోజు సాయంత్రమే దిగాలి.

ఇప్పుడు ఉద్యోగులు అందరూ పట్టించుకోవలసిన విషయం, టీఏ బిల్లు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏడో వేతన సంఘం తర్వాత 2017 జులైలో వచ్చిన ఉత్తర్వుల్లో హోటల్ అద్దెకు పరిమితులున్నాయి. లెవెల్ 9 నుంచి 11 వారికి రోజుకు 2,250 రూపాయలు. లెవెల్ 6 నుంచి 8 వారికి 750. లెవెల్ 5, అంతకు దిగువ వారికి 450. లెవెల్ 8 దాకా ఉన్నవారు బిల్లులు పెట్టకపోయినా, దిగిన చోటు, తేదీలు స్వయంగా ధ్రువీకరించి రాసిస్తే ఈ మొత్తం ఇస్తారు. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియని వాక్యం ఇంకోటి అందులోనే ఉంది. ఎక్స్ తరగతి నగరాల్లో దిగితే, లెవెల్ 8 వరకు ఉన్నవారందరికీ పరిమితి రోజుకు 1,000 రూపాయలు. కానీ బిల్లు పెడితేనే. హైదరాబాద్ ఎక్స్ తరగతి నగరమే. బెంగళూరు, చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, పుణె, అహ్మదాబాద్ కూడా. అంటే లెవెల్ 4లో ఉన్న ఉద్యోగి హైదరాబాద్‌లో బిల్లు తీసుకోకుండా వస్తే, 450 దగ్గర ఆగిపోతాడు. ఒక్క కాగితం లేక రోజుకు 550 పోగొట్టుకుంటాడు. చిన్న జీతం వాళ్లే ఎక్కువ పోగొట్టుకునే చోటు ఇది, అందుకే గట్టిగా చెబుతున్నాను.

డీఏ 50 శాతం పెరిగినప్పుడు ఈ మొత్తాలు 25 శాతం పెరగాలని కూడా ఆ ఉత్తర్వుల్లో ఉంది. డీఏ 2024 జనవరికి 50 శాతం చేరింది. కాబట్టి మీకు ఇవాళ వర్తించే అంకె ఎంతో టూర్‌కు బయల్దేరే ముందు అకౌంట్స్ సెక్షన్‌లో అడిగి రాసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, బ్యాంకులు, ఎల్‌ఐసీ, ప్రైవేటు కంపెనీల వాళ్లకు వేరువేరు నిబంధనలు ఉంటాయి. పరిమితి తెలిశాకే గది. రోజుకు వెయ్యి వచ్చేచోట పదిహేను వందల గది తీసుకుంటే ఆ ఐదు వందలు మీ ఇంటి కిరాణా డబ్బు.

బిల్లు అంటే చిత్తు కాగితం మీద రాసిన అంకె కాదు. వరస నంబరు, లాడ్జి పేరు, చిరునామా, మీ పేరు, రూం నంబరు, దిగిన తేదీ గంట, ఖాళీ చేసిన తేదీ గంట, రోజు అద్దె, పన్ను విడివిడిగా ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇంకా 12 వేస్తుంటే అడగండి. ఏడాదికి 20 లక్షల రూపాయల వ్యాపారం దాటని చిన్న లాడ్జికి రిజిస్ట్రేషన్ ఉండకపోవచ్చు. అలాంటిచోట పన్ను వేయకూడదు, బిల్లు మాత్రం ఇవ్వాలి. బిల్లు మీద జీఎస్‌టీ నంబరు లేకుండా జీఎస్‌టీ వసూలు చేస్తే కట్టక్కర్లేదు. కొన్ని కంపెనీలు తమ జీఎస్‌టీ నంబరు బిల్లులో వేయించుకు రమ్మంటాయి. మీ కంపెనీ అడిగితే వేయించండి, తర్వాత తిరగడం కంటే అదే తేలిక. బిల్లు ఖాళీ చేసే పొద్దున కాదు, ముందురోజు రాత్రే అడిగి పెట్టుకోండి. రైలు వేళకు కౌంటర్ దగ్గర బిల్లు పుస్తకం ఎప్పుడూ దొరకదు.

బుకింగ్ గురించి నేను చెప్పేది తక్కువే. యాప్‌లో మొదట కనిపించే అంకెను చూసి నిర్ణయించకండి, డబ్బు కట్టే చివరి పేజీ దాకా వెళ్లండి. పన్నులు, ఫీజులు అక్కడే కలుస్తాయి. తర్వాత అదే హోటల్‌కు ఫోన్ చేసి నేరుగా రేటు అడగండి. చాలాసార్లు అదే రేటుకో, ఇంకాస్త తక్కువకో ఇస్తారు. అదే ఫోన్‌లో నాలుగు విషయాలు తేల్చుకోండి: 24 గంటలా, మధ్యాహ్నం పద్ధతా, వేడినీళ్లు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, జీఎస్‌టీ బిల్లు ఇస్తారా, ఏ గుర్తింపు కార్డు కావాలి. ఒకసారి రాత్రి రెండు గంటలకు, యాప్‌లో కన్‌ఫర్మ్ అయిన గది కోసం వెళితే, కౌంటర్లో ఉన్నాయన 'ఆ రేటు మాకు గిట్టదు, వాళ్లతో మాట్లాడుకోండి' అని తలుపు దగ్గరికి వేశాడు. ఆ రాత్రి బస్టాండు బెంచీ మీద గడిచింది. అప్పటినుంచి యాప్‌లో చేసినా, బయల్దేరే ముందు హోటల్‌కు ఫోన్ చేసి నా పేరు రాసుకున్నారా అని అడగకుండా రైలెక్కలేదు.

ఫోన్ నంబరు విషయంలో జాగ్రత్త. ఇంటర్నెట్‌లో వెతికితే హోటల్ పేరు మీద మోసగాళ్లు పెట్టిన నంబర్లు కూడా తేలుతాయి. గది ఉందంటారు, యూపీఐలో అడ్వాన్సు పంపమంటారు, పంపాక ఫోన్ ఎత్తరు. మొత్తం అద్దె ముందే పంపమంటే అనుమానించండి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. హోటల్‌తో బిల్లు తగాదా అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

కౌంటర్ దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టే ముందు ఒక గడి తప్పకుండా చూడండి: దిగిన గంట. 24 గంటల లాడ్జిలో ఆ గడిలోని అంకే మీ డబ్బు. సాయంత్రం ఐదింబావుకు వెళితే నాలుగున్నర అని రాసిన కౌంటర్లు చూశాను. మర్నాడు సాయంత్రం గది మీద అరగంట దాటిందని ఇంకో రోజు అడుగుతారు. మర్యాదగా, అప్పుడే దిద్దించండి. అడ్వాన్సుకు రసీదు తీసుకోండి.

ఆధార్ జిరాక్సు బదులు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు. అందులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు, చివరి నాలుగే ఉంటాయి. యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకుని రెండు ప్రింట్లు బ్యాగులో ఉంచుకోండి. డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు కూడా చెల్లుతాయి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి ఒప్పుకోరు. ఆధార్‌లో హైదరాబాద్ చిరునామా ఉన్నవాళ్లకు గది ఇవ్వని లాడ్జీలు చాలా ఉన్నాయి. బదిలీ మీద వెళ్లి, చిరునామా మార్చుకోని వాళ్లు ముందే ఫోన్లో చెప్పి కనుక్కోవాలి. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు గది లేదనే చోట్లూ ఉన్నాయి. అలా ఇవ్వకూడదనే చట్టం ఏదీ లేదు. కానీ రాత్రివేళ కౌంటర్ ముందు చట్టం వాదించే పరిస్థితి మన అక్కచెల్లెళ్లకు రాకూడదు. అందుకే చీకటి పడకముందే దిగేలా బండి చూసుకోండి, పేరు చెప్పి ముందే మాట తీసుకోండి. ఆఫీసులో ఇదివరకు వెళ్లొచ్చిన తోటి ఉద్యోగినులు దిగిన చోటే దిగడం అన్నిటికంటే మంచిది. ప్రతి ఆఫీసులోనూ ఆడవాళ్లు అలాంటి నంబర్లు ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటే కొత్తగా చేరిన పిల్లకు ఎంత ధైర్యమో.

డబ్బు కట్టే ముందు గది చూపించమనండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, లాడ్జిలో ఇది మామూలే. కుళాయి తిప్పి చూడండి, ఫ్లష్ నొక్కి చూడండి. పరుపు మూల ఎత్తి కుట్టు వెంబడి చూడండి. గోధుమ రంగు చుక్కలుంటే నల్లులున్నట్టే, వేరే గది అడగండి. నల్లులు ఆ గదిలో ఆగవు, మీ సంచిలో ఇంటిదాకా వస్తాయి. దుప్పటి, దిండు గలీబు మార్చమంటే మారుస్తారు. తలుపుకు లోపల గడియ ఉండాలి, బాత్రూం తలుపుకు కూడా. కరెంటు పోతే జనరేటరు ఫ్యానుకు ఇస్తుందా, లైటుకేనా అడగండి. వేసవిలో ఇది చిన్న ప్రశ్న కాదు. రోడ్డు వైపు గది వద్దు, లిఫ్ట్ పక్క గది వద్దు. చలికాలంలో ఏసీకి డబ్బు కట్టకండి. అదే ఏసీ గదిని ఏసీ ఆపి నాన్ ఏసీ రేటుకు ఇచ్చే లాడ్జీలున్నాయి, అడిగితేనే.

చివరగా చెప్పేది డబ్బు గురించి కాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. పొగ మెట్ల దారిలోంచి పైకి పాకింది. పై అంతస్తుల్లో దిగినవాళ్లలో 8 మంది చనిపోయారు. అంతకుముందు 2019 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని ఒక హోటల్లో 17 మంది పోయారు. రెండూ ఊరి నడిబొడ్డున, మనలాంటివాళ్లు దిగే చోట్లే. పనుల మీద వచ్చి, ఒక రాత్రి కోసం గది తీసుకున్నవాళ్లు.

ఇరుకు బజారులో, కింద దుకాణాలు పైన గదులు ఉండే భవనాల్లో మెట్లే పొగగొట్టం అవుతాయి. కాబట్టి లాడ్జి ముందు నిలబడి ఒక్క నిమిషం చూడండి. కింద బ్యాటరీ వాహనాలు, బట్టల గోడౌను, పెయింట్లు, గ్యాస్ స్టవ్‌ల దుకాణం ఉంటే ఇంకో చోటు వెతకండి. రెండో మెట్ల దారి ఉందా అని అడగండి. ఉందంటే, వెళ్లి తలుపు తెరుచుకుంటుందో లేదో చూడండి. తాళం వేసిన మెట్లు, అట్టపెట్టెలతో నింపిన మెట్లు లేనట్టే లెక్క. ఒకటో అంతస్తులోనో రెండో అంతస్తులోనో గది అడగండి. కిటికీకి ఇనుప గ్రిల్లు బిగించేసి ఉంటే, తెరుచుకునే కిటికీ ఉన్న గది ఇమ్మనండి. పొగ వాసన వస్తే లిఫ్ట్ ఎక్కకండి. మెట్లమీద పొగ నిండి ఉంటే గదిలోకి తిరిగి వచ్చి, తడి తువ్వాలు తలుపు కింద సందులో కుక్కి, కిటికీ దగ్గర నిలబడి 101కో 112కో ఫోన్ చేయండి.

తాళం చేతికి వచ్చాక సామాను దించకముందే ఆ మెట్లు ఒకసారి దిగి రండి. తర్వాత ఇంటికి ఫోన్ చేసి లాడ్జి పేరు, వీధి, రూం నంబరు చెప్పి, రాసుకోమనండి.